దియెన్ బియెన్ ఫూ: 56 రోజుల యుద్ధాన్ని తేల్చిన మోత లెక్క

1952లో వియత్నాం వాయవ్య కొండల్లో జరిగిన పోరు ముగిశాక ఫ్రెంచి పాలన మీద హో చి మిన్ నాయకత్వంలో పోరాడుతున్న వియత్ మిన్ సరఫరా విభాగం ఒక లెక్క తీసింది. ముందువరసలో ఉన్న సైనికుడికి ఒక కిలో బియ్యం చేరాలంటే, దారిలో ఆ బియ్యం మోసేవాళ్ల తిండికి 24 కిలోలు ఖర్చవుతోంది. వియత్ మిన్ సేనాని వో న్గుయెన్ గియాప్ తర్వాత తన జ్ఞాపకాల్లో రాసిన ఈ అంకెను పక్కన పెడితే, ఫ్రెంచి సైన్యం 1954లో ఓడిన దియెన్ బియెన్ ఫూ యుద్ధం అర్థం కాదు. ఎందుకంటే ఫ్రెంచి సైన్యం తన పథకం మొత్తాన్ని ఇలాంటి లెక్క మీదే కట్టుకుంది. రహదారులు లేని కొండల్లోకి, స్థావరాలకు వందల కిలోమీటర్ల దూరంలో, వియత్ మిన్ ఒకటి రెండు డివిజన్లకు మించి పోషించలేదు, పెద్ద ఫిరంగులు అసలే తేలేదు, తెచ్చినా గుళ్లు కొద్ది రోజుల్లో అయిపోతాయి అని హనోయ్‌లోని ఫ్రెంచి ప్రధాన కార్యాలయం అంచనా వేసింది. కావళ్లతో మోసే సైన్యానికి ఆ అంచనా సరిగ్గానే సరిపోయేది. 1954 నాటికి ఆ మోసే పద్ధతే మారిపోయింది.

కావడి లెక్క ఎక్కడ దెబ్బ తింటుందో ఒక ఉదాహరణతో చూడొచ్చు. ఒక మనిషి కావడిలో 20 కిలోలు మోస్తాడనుకుందాం. రోజుకు 800 గ్రాముల బియ్యం తింటాడు. విమానాల భయంతో రాత్రిళ్లే నడక. పోవడానికి 12 రోజులు, ఖాళీ కావడితో రావడానికి 10 రోజులు. ఈ 22 రోజుల్లో అతను తినేది 17 కిలోల 600 గ్రాములు. చేరేది రెండు కిలోల 400 గ్రాములు. వాన వల్ల మూడు రోజులు ఆలస్యమైతే ఏమీ చేరదు. అదే మనిషి సైకిల్ మీద 200 కిలోలు పెట్టుకుని తోసుకుపోతే, తినేది అంతే కాబట్టి 180 కిలోలకు పైగా చేరుతుంది. దారి ఒకటే, తిండి ఒకటే. మారింది బరువును నేల మీద దొర్లించడం ఒక్కటే.

లోయ, దాన్ని ఎంచుకున్న కారణం

దియెన్ బియెన్ ఫూ లావోస్ సరిహద్దుకు దగ్గరగా ఉన్న పొడవాటి లోయ. సుమారు 18 కిలోమీటర్ల పొడవు, ఆరు నుంచి ఎనిమిది కిలోమీటర్ల వెడల్పు. మధ్యలో నామ్ యుమ్ ఏరు, చుట్టూ వరి మళ్లు, తాయ్ తెగవాళ్ల ఊళ్లు, ఆపైన అడవి కప్పిన కొండలు. హనోయ్ నుంచి విమాన మార్గంలో దాదాపు 300 కిలోమీటర్లు. జపాన్ ఆక్రమణ కాలం నాటి పాత రన్‌వే ఒకటి అక్కడ మిగిలి ఉంది.

1953 మేలో ఇండోచైనా (వియత్నాం, లావోస్, కంబోడియా)లోని ఫ్రెంచి సేనల బాధ్యత తీసుకున్న జనరల్ ఆన్రీ నవార్ ముందు రెండు అవసరాలు ఉన్నాయి. లావోస్‌తో ఫ్రాన్స్ అక్టోబరులో ఒప్పందం చేసుకుంది కాబట్టి, లావోస్ రాజనగరం లుయాంగ్ ప్రబాంగ్ వైపు పోయే దారిని కాపాడాలి. రెండోది, అడవుల్లో చేతికి చిక్కని శత్రువును బయటికి రప్పించి ఒకే చోట దెబ్బ కొట్టాలి. దీనికి నమూనా ఆయన కళ్ల ముందే ఉంది. 1952 చివర్లో నా సాన్ అనే చోట ఫ్రెంచివాళ్లు రన్‌వే చుట్టూ ముళ్లపంది మాదిరి కోట కట్టుకుంటే వియత్ మిన్ దాని మీద పడి భారీగా నష్టపోయింది. ఆ గెలుపు ఫ్రెంచి సైన్యానికి తప్పుడు పాఠం నేర్పిందని చెప్పాలి. నా సాన్‌లో వియత్ మిన్ వద్ద 105 మిల్లీమీటర్ల (గొట్టం వ్యాసం) ఫిరంగులు లేవు, విమానాలను కొట్టే 37 మిల్లీమీటర్ల తుపాకులూ లేవు. పైగా నా సాన్ చుట్టూ ఉన్న ఎత్తుల్లో ముఖ్యమైనవి ఫ్రెంచివాళ్ల చేతిలోనే ఉన్నాయి. దియెన్ బియెన్ ఫూలో కొండల వరస శత్రువుది, లోయ అడుగు ఫ్రెంచివాళ్లది.

1953 నవంబరు 20న ప్యారాచూట్ దళాలు లోయలోకి దిగాయి. ఊళ్లో ఉన్న కొద్దిపాటి వియత్ మిన్ దళాన్ని తరిమి, రన్‌వే మీద ఇనుప రేకులు పరిచి, డిసెంబరు నుంచి కర్నల్ క్రిస్టియన్ ద కాస్త్రీ నాయకత్వంలో స్థావరం కట్టడం మొదలుపెట్టారు. ఒక్కో దిబ్బకూ ఆడపేరు పెట్టారు. ఉత్తరాన గాబ్రియెల్, ఈశాన్యంలో బెయాత్రిస్, వాయవ్యంలో ఆన్ మారీ, మధ్యలో రన్‌వే చుట్టూ యుగెత్, క్లోదీన్, ఏటికి తూర్పున దొమినిక్, ఎలియాన్. దక్షిణాన ఏడు కిలోమీటర్ల దూరంలో విడిగా ఇజబెల్. ఆ దూరమే తర్వాత పెద్ద లోపమైంది: ఇజబెల్‌లో ఉన్న ఫిరంగులు ఉత్తరాన ఉన్న గాబ్రియెల్‌కు అందలేదు, ఇజబెల్‌లోని సైనికులు మధ్య స్థావరానికి నడిచి రాలేకపోయారు.

గాలి దారి ఎంత మోయగలదు

స్థావరానికి కావలసినదంతా, ముళ్లకంచె మొదలుకొని మందుల దాకా, విమానంలోనే రావాలి. డకోటా విమానం ఒక్కో విడతకు సుమారు రెండున్నర టన్నులు తెస్తుంది. పది తేలికపాటి ట్యాంకులను కూడా విప్పి, ముక్కలుగా విమానాల్లో తెచ్చి, లోయలో మళ్లీ బిగించారు. అది మెచ్చుకోదగిన పనే. కానీ ఆ విమానాల్లో పట్టనిది ఒకటుంది: కొయ్య.

105 మిల్లీమీటర్ల గుండును తట్టుకునే బంకరుకు లావుపాటి దూలాల పైకప్పు, దాని మీద మీటర్ల మందాన మట్టి, ఆపైన గుండు ముందే పేలడానికి రాతి పొర ఉండాలి. ఇలాంటివి 12 బెటాలియన్లకు కట్టాలంటే వేల టన్నుల సామాను అవసరం. అంత కొయ్య విమానంలో తేవడం అసాధ్యం. దాంతో ఊళ్లోని ఇళ్లు కూల్చి దూలాలు తీశారు, గుట్టల మీది చెట్లు కొట్టారు, పొదలను వంటచెరుకు చేశారు. రెండు విధాలా నష్టమే జరిగింది. బంకర్లు మోర్టారు దెబ్బకు మాత్రమే ఆగేంత బలంగా తయారయ్యాయి. చెట్టూ పుట్టా లేని దిబ్బల మీద ప్రతి తవ్వకం, ప్రతి టెలిఫోన్ తీగ, ప్రతి యాంటెన్నా కొండల మీద కూర్చున్న వియత్ మిన్ పరిశీలకుడికి అరచేతిలో గీతలా కనిపించాయి. మార్చి నాటికి వాళ్ల దగ్గర లోయ మొత్తం పటంగా గీసి ఉంది.

ఫ్రెంచి ఫిరంగుల అమరికలో లోపం ఇంకా లోతైనది. 105 రకం 24, 155 రకం నాలుగు ఉన్నాయి. దాడి ఏ దిక్కు నుంచి వస్తుందో తెలియదు కాబట్టి అన్ని వైపులకూ తిప్పగలిగేలా వాటిని కప్పులేని గుంతల్లో పెట్టారు. ఫిరంగికి చుట్టూ ఇసుక బస్తాలే అడ్డం, పైన ఆకాశమే. ఎదుటి ఫిరంగి ఒక్కసారి మాట్లాడగానే కనిపెట్టి నోరు మూయిస్తామని ఫిరంగిదళ నాయకుడు కర్నల్ పిరోత్ నమ్మకం. కొండల వెనక వాలులో పెడితే తప్ప శత్రువు ఫిరంగి దాగలేదు, వెనక వాలు నుంచి లోయ సరిగా అందదు, ముందు వాలులో పెడితే కాల్చిన వెంటనే మెరుపు కనిపిస్తుంది. ఫిరంగి విద్యాలయాల్లో నేర్పే పాఠం ప్రకారం ఈ తర్కంలో తప్పు లేదు.

సైకిలు, లారీ, తెప్ప

వియత్ మిన్ వైపు దారి చైనా సరిహద్దు నుంచీ, థాన్ హోవా వరి పొలాల నుంచీ మొదలై, ఏళ్లూ కనుమలూ దాటి తువాన్ జావ్ అనే కూడలికి చేరుతుంది. వెనక స్థావరాల నుంచి అక్కడికి దాదాపు 500 కిలోమీటర్లు. అక్కడి నుంచి దియెన్ బియెన్ ఫూకు మరో 80 కిలోమీటర్ల దారి. ఈ చివరి దారి మొదట్లో గుర్రాలు నడిచే బాట కంటే కాస్త మెరుగు, అంతే. దాన్ని లారీ పట్టేంత వెడల్పు చేయడం యుద్ధంలో మొదటి పని.

ఈ దారిలో పెద్ద భారం మోసింది లారీలే అన్నది మరిచిపోకూడదు. వియత్నాం అధికారిక లెక్కలో 628 లారీలు కనిపిస్తాయి, ఎక్కువ భాగం సోవియట్ తయారీ. ఒక లారీని మొదటి నుంచి చివరి దాకా నడపలేదు. దారిని మజిలీలుగా విడగొట్టి, ఒక్కో దళానికి ఒక్కో మజిలీ అప్పగించారు. డ్రైవరు తన ముక్కలోని ప్రతి మలుపూ, ప్రతి బాంబు గుంతా గుర్తుపెట్టుకుని, దీపాలు బండి కింద మసకగా వెలిగించుకుని రాత్రంతా తిరుగుతాడు. మజిలీ చివర సరుకు దించి వేరే బండికి ఎక్కిస్తారు. దించడం ఎక్కించడంలో సమయం పోతుంది నిజమే. కానీ ఒక వంతెన కూలినా మిగతా మజిలీలు ఆగవు. ఫ్రెంచి విమానాలు కనుమలనూ కూడళ్లనూ వెతికి కొట్టాయి. కో నోయ్ కూడలి మీద ఆలస్యంగా పేలే బాంబులు, తాకితే పేలే చిన్న బాంబులు కలిపి వేసేవాళ్లు, గుంత పూడ్చడానికి వచ్చినవాళ్లు చావాలని. అక్కడ పని చేసిన యువజన దళాల్లో వందమంది దాకా చనిపోయారు. అయినా పార, తట్ట, గడ్డపారలతో తెల్లవారేలోగా దారి మళ్లీ తెరుచుకునేది.

లారీ పోలేని చోటికి సైకిల్ వెళ్లింది. ఈ సైకిలును దగ్గరగా చూడటం మంచిది, ఎందుకంటే దాన్ని ఎవరూ తొక్కలేదు. సీటు తీసేసో, దాని మీద చెక్క కట్టో, ఫ్రేముకు రెండు పక్కలా బస్తాలు వేలాడదీస్తారు. బరువెక్కిన సైకిలుకు హ్యాండిల్ పట్టుకుంటే చెయ్యి బస్తాకు అడ్డం పడుతుంది. అందుకని హ్యాండిల్ ఎడమ కొసకు మీటరు దాకా పొడవున్న వెదురు బొంగు కడతారు. పక్కన నడుస్తూ దాంతో దారి మళ్లిస్తారు. సీటు గొట్టంలో ఇంకో కర్ర నిలువుగా దిగ్గొడతారు. కుడిచేత్తో దాన్ని పట్టి తోస్తారు, పల్లంలో వెనక్కి లాగి ఆపుతారు. ఫ్రేము విరగకుండా ఇనుప కడ్డీనో కొయ్యనో అదనంగా కడతారు. ముందుగా చెడేది టైరు. 200 కిలోల కింద ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి చిరుగుతుంది. దానికి మందుగా పాత బట్ట పేలికలు, చిరిగిన ట్యూబు ముక్కలు టైరు లోపల చుట్టేవారు. నిటారు ఎక్కుడులో ఒకరు తోస్తే ఒకరు తాడుతో ముందుకు లాగాలి. దిగుడులో బ్రేకు ఆగదు, మనిషే బ్రేకు. మొదట్లో వంద కిలోల లోపు మోసిన సైకిళ్లు పోనుపోను 200, 300 కిలోలకు చేరాయి. ఫూ థో ప్రాంతం నుంచి వచ్చిన మా వాన్ థాంగ్ ఒక విడతలో 352 కిలోలు తోసి ఆ పోరు మొత్తానికీ రికార్డు పెట్టాడు.

ఇలాంటి సైకిళ్లు సుమారు 21 వేలు, తెప్పలూ పడవలూ కలిపి వేలల్లో, కూలీలు రెండున్నర లక్షలకు పైమాటే. ఉత్తరాన నామ్ నా ఏటిలో బండలు పేల్చి, ఉరవడి తగ్గించి, చైనా నుంచి వచ్చే బియ్యాన్ని తెప్పల మీద దింపారు. అక్కడి తాయ్, మోంగ్ పల్లెల్లోనే కొన్న, సేకరించిన ధాన్యం మరో పెద్ద వాటా. పక్కనే దొరికిన బియ్యానికి దారి ఖర్చు లేదు కదా. మొత్తం మీద దాదాపు 25 వేల టన్నుల బియ్యం సమకూరింది.

జనవరి 26

ఈ యుద్ధంలో అతి ముఖ్యమైన రోజు ఏదని అడిగితే స్థావరం పడిపోయిన 1954 మే 7 కంటే ముందు ఆ ఏడాది జనవరి 26 చెప్పాలి. ఆ రోజు జరగాల్సిన దాడి జరగలేదు.

గియాప్ లోయ దగ్గరికి చేరేసరికి ఒక పథకం సిద్ధంగా ఉంది: మూడు రాత్రులు, రెండు పగళ్లలో మెరుపుదాడితో పని ముగించడం. ఫ్రెంచివాళ్లు ఇంకా కోటలు పూర్తి చేయలేదు కాబట్టి ఆలస్యం చేస్తే కష్టమని చైనా సలహాదారుల వాదన, చాలామంది వియత్ మిన్ అధికారుల వాదన కూడా. దానికోసం 105 రకం ఫిరంగులను, 37 రకం తుపాకులను చేతులతో లాక్కెళ్లాలి. తువాన్ జావ్ దారిలో 69వ కిలోమీటరు నుంచి సుమారు 15 కిలోమీటర్ల పొడవున, మూడు మీటర్ల వెడల్పున అడవిలో బాట నరికి, పైన తీగలు అల్లి కప్పేశారు. ఒక్కో ఫిరంగి రెండు టన్నుల పైనే. దానికి మోకులు కట్టి వందమంది దాకా లాగుతారు. ముందు లాగడం, వెనక చక్రం కింద కొయ్య దిమ్మ జారవిడవడం, ఒక కేక, మళ్లీ లాగడం. ఒక్కో కేకకు చక్రం జరిగేది జానెడో మూరెడో. నిటారు చోట్ల చెట్టుకు కప్పీ బిగించి మోకు తిప్పేవాళ్లు. ఎక్కడం కంటే దిగడమే ప్రమాదం: మోకు తెగితే ఫిరంగి లోయలోకి పోతుంది, దారిలో ఉన్నవాళ్లను నలిపేసి మరీ.

దాడి జనవరి 25కి, తర్వాత 26కి వాయిదా పడింది. ఆ రాత్రి గియాప్ నిద్రపోలేదు. తలనొప్పికి నుదుటికి ఆకు కట్టు కట్టుకుని తెల్లవార్లూ ఆలోచించానని ఆయనే రాశారు. పొద్దున్నే చైనా సలహాదారు వెయ్ గ్వోచింగ్‌తో మాట్లాడి, తన అధికారులను కూర్చోబెట్టి దాడి ఆపేశారు. ఆయన చెప్పిన కారణాలు మూడు. కోటలో ఉన్న ఒక్క బెటాలియన్‌ను మించి తన సేన ఎప్పుడూ తుడిచిపెట్టలేదు, ఇక్కడ 12 ఉన్నాయి. ఫిరంగిదళం, కాల్బలం కలిసి పని చేయడం ఇదే మొదటిసారి, కసరత్తు కూడా జరగలేదు. తన మనుషులు రాత్రి యుద్ధానికి అలవాటు పడ్డారు, ఇక్కడ పగటిపూట, విమానాల కింద, 15 కిలోమీటర్ల బయలు దాటాలి. గెలుపు ఖాయమైతేనే కొట్టమని హో చి మిన్ ముందే చెప్పి పంపారు. కాబట్టి ‘వేగంగా కొట్టి వేగంగా గెలవడం’ బదులు ‘గట్టిగా కొట్టి గట్టిగా ముందుకు సాగడం’.

ఈ నిర్ణయానికి చెల్లించిన మూల్యం మోతలోనే కనిపిస్తుంది. లోపలికి లాగిన ఫిరంగులను అదే బాటలో వెనక్కి లాగాలి, ఈసారి ఫ్రెంచి గుళ్లు బాట మీద పడుతుండగా. ఫిబ్రవరి 1 రాత్రి ఒక వాలు మీద మోకు తెగి 37 రకం తుపాకీ జారిపోతుంటే, తో విన్ దియెన్ అనే సైనికుడు చక్రం కింద అడ్డంగా పడి దాన్ని ఆపి చనిపోయాడు. మూడు రోజుల యుద్ధానికి సరిపడా సమకూర్చిన బియ్యం ఇప్పుడు నెలల తరబడి యాభై వేల మందికి సరిపోవాలి. ఏప్రిల్ చివర వానలు వస్తాయి. అంటే గియాప్ వాయిదా వేయగలిగింది సరఫరా మీద నమ్మకం ఉండబట్టే. ఆ నమ్మకం లేని సేనాని జనవరిలోనే దాడి చేసి ఓడిపోయి ఉండేవాడని నిస్సంకోచంగా అనొచ్చు. ఫిరంగులు వెనక్కి వచ్చేదాకా ఫ్రెంచివాళ్ల దృష్టి మళ్లించడానికి 308వ డివిజన్‌ను లుయాంగ్ ప్రబాంగ్ వైపు పంపారు.

తర్వాతి నెలన్నరలో కొండల చుట్టూ కొత్త దారులు తవ్వి, ఈసారి ఫిరంగులను లారీలతో లాగించారు. పిరోత్ ఊహించని చోట, లోయ వైపు వాలులోనే, కొండ కడుపులోకి గుహలు తొలిచి ఒక్కో ఫిరంగిని ఒక్కో గుహలో నిలిపారు. దుంగల కప్పు, దాని మీద మూడేసి మీటర్ల మట్టి. ముందు చిన్న కిటికీ లాంటి సందు, కాల్చనప్పుడు కొమ్మలతో మూత. దూరంగా మరోచోట కొయ్య ఫిరంగులు పెట్టి, అసలుది కాల్చినప్పుడల్లా అక్కడ మందు పేల్చి మెరుపు చూపించారు. గుహ ఫిరంగికి ఒక లోపముంది. అది అటూ ఇటూ ఎక్కువ తిరగదు, తన ముందున్న ఒక ముక్కనే కొట్టగలదు. కానీ కొట్టాల్సినది కదలని స్థావరమైనప్పుడు ఆ లోపంతో పనేముంది? రెండు పక్షాల వద్దా 105 రకం ఫిరంగులు 24 చొప్పునే ఉన్నాయి. ఒకరివి నలుదిక్కులా తిరుగుతూ ఆకాశం కింద, ఇంకొకరివి ఒకే వైపు చూస్తూ మట్టి కింద.

కుంచించుకుపోయిన ఆకాశం

మార్చి 13 సాయంత్రం అయిదు దాటగానే ఫిరంగులు మోగాయి. బెయాత్రిస్ నాయకుడు మొదటి గంటల్లోనే తన బంకరులో చనిపోయాడు, ఆ సెక్టారుకు అధిపతి గోషే కూడా. అర్ధరాత్రి దాటేసరికి ఆ దిబ్బ పడిపోయింది. మార్చి 15 ఉదయానికి గాబ్రియెల్ పోయింది. ఎదురు ఫిరంగుల జాడ పట్టలేకపోయిన పిరోత్ గ్రెనేడుతో ప్రాణం తీసుకున్నాడు. మార్చి 17న ఆన్ మారీని కాస్తున్న తాయ్ సైనికులు చాలామంది వదిలేసి వెళ్లిపోయారు. ఉత్తరపు గోడ అయిదు రోజుల్లో కూలింది.

దీని అసలు ఫలితం రన్‌వే మీద పడింది. ఉత్తర దిబ్బలు పోయాక విమానం దిగే దారి మొత్తం తుపాకుల కిందికి వచ్చింది. మార్చి 28న గాయపడినవాళ్ల కోసం దిగిన డకోటా మళ్లీ లేవలేదు. అందులో వచ్చిన నర్సు జెనెవియెవ్ ద గాలార్ చివరిదాకా అక్కడే ఉండిపోయింది. ఆ తర్వాత లోయలోకి ఏది రావాలన్నా ప్యారాచూట్ మీదే. బయటికి పోవడం మాత్రం లేదు.

ప్యారాచూట్ సరఫరా ఎలా విఫలమైందో జాగ్రత్తగా చూడాలి. స్థావరానికి రోజుకు వంద టన్నులకు అటూ ఇటూ పడుతూనే వచ్చాయి, తక్కువేమీ కాదు. లోయ సన్నగా ఉత్తర దక్షిణాలుగా ఉండటంతో విమానాలకు ఒకే వరుస దారి. ఆ దారి కింద 37 రకం తుపాకులు బారు తీరాయి. దెబ్బలు తప్పించుకోవాలంటే విమానం ఎత్తుకు పోవాలి. ఎత్తు నుంచి వదిలితే గాలివాటానికి మూట కిలోమీటర్లు కొట్టుకుపోతుంది. ఇంకోవైపు కందకాలు దగ్గరికి వచ్చేకొద్దీ మూట పడాల్సిన నేల తగ్గుతుంది. ఎత్తు పెరగడం, నేల తగ్గడం ఒకేసారి జరిగితే సగం మూటలు అవతలివాళ్లకే చేరతాయి. చేరాయి కూడా. రెండు పక్షాల 105 రకం ఫిరంగులూ అమెరికా తయారీవే. వియత్ మిన్‌వి చైనా అంతర్యుద్ధంలో ఓడిన చియాంగ్ కై షేక్ సేన నుంచి చైనా కమ్యూనిస్టులు చేజిక్కించుకున్నవి. కాబట్టి గాలిలో కొట్టుకొచ్చిన గుళ్లు నేరుగా వాళ్ల ఫిరంగుల్లో పట్టాయి. ఇలా వేల గుళ్లు వియత్ మిన్ చేతికి చేరాయి. సొంత స్థావరంలో పడినవీ అన్నీ అందలేదు. బరువైన మూటను పగలు లాక్కురావాలంటే గుళ్ల వాన, రాత్రి వెతకాలంటే బురద, తిండి లేక నీరసించిన మనుషులు.

మార్చి 30న తూర్పు దిబ్బల మీద మొదలైన రెండో విడతలో వియత్ మిన్ కూడా తీవ్రంగా దెబ్బతింది. దొమినిక్ దిబ్బలు కొన్ని చేజిక్కినా, వాళ్లు ఏ1 అని పిలిచే ఎలియాన్ 2 లొంగలేదు. పాత ఫ్రెంచి అధికారి బంగళా నేలమాళిగను లోతైన బంకరుగా మార్చుకున్న సంగతి వాళ్లకు తెలియదు. వరస వరసలుగా పంపిన కాల్బలం ఆ వాలు మీద కూలిపోయింది. ఏప్రిల్ చివరికి సైన్యంలో నిరుత్సాహం ఎంత పాకిందంటే కమ్యూనిస్టు పార్టీ యంత్రాంగం ప్రత్యేకంగా రంగంలోకి దిగాల్సి వచ్చింది. విజయగాథల్లో ఈ భాగాన్ని రెండు వాక్యాల్లో దాటేయడం ఆ చనిపోయినవాళ్లకు న్యాయం కాదు.

గియాప్ జవాబు పార. లోయ చుట్టూ వంద కిలోమీటర్లకు మించి కందకాలు తవ్వారు. మనిషి నిలబడితే తల కనపడనంత లోతు, గాయపడినవాణ్ణి మోసుకుపోయేంత వెడల్పు. రాత్రి తవ్వి, పగలు కొమ్మలతో కప్పి, మర్నాటి రాత్రి అక్కడి నుంచి ముందుకు. కందకం కొసన ఉన్నవాడికి తుపాకీ గుళ్లు తగలకుండా, వెదురు తడకలో గడ్డి కుక్కి చుట్టిన లావుపాటి మోపును ముందుకు దొర్లించుకుంటూ తవ్వేవాళ్లు. తడిసిన గడ్డి తూటాను మింగేస్తుంది. ఒక కందకం రన్‌వేను అడ్డంగా కోసేసింది.

ఏ1కి వేరే ఉపాయం పన్నారు. ఏప్రిల్ 20 ప్రాంతంలో కొండ వాలు నుంచి సొరంగం మొదలైంది. గట్టి నేల, ఒక్కరే పడుకుని తవ్వగలిగేంత ఇరుకు, ఊపిరాడక దీపాలు ఆరిపోయేవి. మట్టిని సంచుల్లో వెనక్కి లాగి శత్రువు కంట పడకుండా పారబోశారు. దాదాపు 50 మీటర్లు పోయాక 960 కిలోల పేలుడు మందు, అందులో కొంత పేలని ఫ్రెంచి బాంబుల నుంచి తీసినది, కూరి, మే 6 రాత్రి పేల్చారు. గురి నేలమాళిగకు కాస్త పక్కకు తప్పినా పైనున్న ఫ్రెంచి దళంలో ఎక్కువమంది దానితోనే పోయారు. తెల్లవారేసరికి దిబ్బ చేజిక్కింది. ఆ గుంత ఇప్పటికీ అక్కడ ఉంది. మే 7 సాయంత్రం అయిదున్నరకు ద కాస్త్రీ బంకరులోకి వియత్ మిన్ సైనికులు దిగారు. ఆ రాత్రే ఇజబెల్ కూడా ముగిసింది.

లోయ నుంచి బయటికి

మర్నాడు, మే 8న, జెనీవాలో ఇండోచైనా చర్చలు మొదలయ్యాయి. జూన్ 18న ఫ్రాన్స్ ప్రధాని అయిన పియేర్ మెందెస్ ఫ్రాన్స్ నెలలోగా ఒప్పందం తెస్తానని మాట ఇచ్చారు. జూలైలో 17వ అక్షాంశం దగ్గర విభజన గీతతో కాల్పులు ఆగాయి. ఒప్పందం అమలును చూసే అంతర్జాతీయ సంఘానికి భారత్ అధ్యక్షత వహించింది. ఆ వేసవిలోనే గోదావరి పాయ ఒడ్డున ఇంకో ఫ్రెంచి జెండా దిగింది. జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య ముందుండి యానాం పాలనను చేపట్టారు, నవంబరు 1న మిగతా ఫ్రెంచి స్థావరాలతో కలిపి అధికార మార్పిడి జరిగింది. ఒకటి ఇంకోదానికి నేరుగా కారణమని చెప్పడం తొందరపాటు. యానాం, పుదుచ్చేరి పోరాటాలకు తమ సొంత చరిత్ర ఉంది. కానీ రెండింటి మీదా సంతకం పెట్టాల్సింది పారిస్‌లో ఒకే ప్రభుత్వం, అదీ లోయలో సైన్యం పోయిన కొద్ది వారాలకే ఏర్పడిన ప్రభుత్వం.

నష్టాల విషయానికి వస్తే, వియత్నాం అధికారిక లెక్క తన వైపు 4,020 మంది చనిపోయారంటుంది. ఫ్రెంచి అంచనాలు దానికి రెట్టింపు. ఫ్రెంచి వైపు పదివేల మందికి పైగా బందీలయ్యారు. తీవ్రంగా గాయపడిన 850 మందికి పైగా విమానాల్లో బయటికి పంపారు. మిగతావాళ్లను నడిపించారు, సైకిళ్లు వచ్చిన దారుల్లోనే, వందల కిలోమీటర్లు, వానల్లో. ఆ మజిలీలూ ఆ వంటశాలలూ సరుకును ముందుకు నెట్టడానికి ఏర్పడ్డవి. పదివేల మందిని, అందులోనూ రెండు నెలలు బురదలో చిక్కి శల్యమైనవాళ్లను, వెనక్కి పోషించేంత బియ్యం గానీ, విరేచనాలకూ మలేరియాకూ మందు గానీ ఆ దారిలో లేవు. మోసుకొచ్చినవాళ్ల తిండే అక్కడా ఇచ్చారు, గుప్పెడు బియ్యం, ఉప్పు. ఒప్పందం తర్వాత తిరిగి అప్పగించినవాళ్లు సుమారు 3,300. మిగిలిన తేడా అంతా మరణాలు కావు. ఫ్రెంచి సేనలో పని చేసిన వియత్నామీల్లో చాలామందిని అప్పగించనే లేదు. అయినా ఆ దారి పక్కన, పేర్లు రాయని గోతుల్లో మిగిలిపోయినవాళ్లు వేలల్లోనే ఉన్నారు.